రంజాన్ రోజాలు: గుక్కెడు నీళ్ళు కూడా వద్దంటారెందుకు?

కొత్తగా_చేరా

అందరికీ నమస్కారం. నా పక్క సీట్లో కూర్చునే సహోద్యోగి రంజాన్ అని ఈ నెలంతా రోజాలు, అంటే ఉపవాసాలు, ఉంటున్నాడు. మొన్న మీటింగ్‌లో ఎక్కువసేపు అతనే మాట్లాడాల్సి వచ్చింది. గొంతు బొంగురుపోతుంటే వాటర్ బాటిల్ అతని వైపు జరిపాను. నవ్వి, చేత్తోనే వద్దన్నాడు. ఒక్క గుక్క తాగితే ఏమవుతుందని అడగాలనిపించింది కానీ నలుగురిలో బాగోదని ఊరుకున్నాను.

నాకు తెలిసిన ఉపవాసాల్లో పళ్ళో పాలో, కనీసం మంచినీళ్ళో తీసుకుంటారు. ఇందులో అదీ లేదు. ఎందుకు? ఒంట్లో బాగోలేనివాళ్ళ సంగతేంటి? వాళ్ళ ఎదురుగా మేము తింటే ఇబ్బంది పడతారా? నెట్‌లో వెతికితే ఒక్కోచోట ఒక్కో మాట ఉంది. పాటించేవాళ్ళే చెబితే వినాలని ఇక్కడ పెడుతున్నా.

మౌజన్_మనవడు

మంచి పని చేశారు బ్రదర్. ముందు నియమం ఏమిటో చెప్తాను. తూర్పున తొలి వెలుగు విచ్చుకున్నప్పటి నుంచి సూర్యుడు పూర్తిగా అస్తమించేదాకా తిండి, నీళ్ళు, పొగ, దాంపత్య సుఖం అన్నీ బంద్. సూర్యోదయం దాకా తినొచ్చని చాలామంది అనుకుంటారు. కాదు, ఫజ్ర్ (వేకువ నమాజ్) వేళ మొదలవగానే ఆపేయాలి. అప్పటికి సూర్యుడు రావడానికి ఇంకా గంటకు పైనే ఉంటుంది. దానికి ముందు తినేది సహరీ, సాయంత్రం మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజ్) అజాన్‌కు, అంటే ఆ నమాజ్ పిలుపుకు, విరమించేది ఇఫ్తార్. షహాదా (విశ్వాస ప్రకటన), నమాజ్, జకాత్ (విధిగా ఇచ్చే దానం), హజ్ (మక్కా యాత్ర)లతో పాటు ఇస్లాం అయిదు మూలస్తంభాల్లో రోజా ఒకటి.

ప్రవక్త ముహమ్మద్ (స: ఆయనపై శాంతి కలగాలి) మదీనాకు వలస వెళ్ళాక, హిజ్రీ (ఆ వలస నుంచి లెక్కించే ఇస్లామీ శకం) 2వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 624లో రంజాన్ రోజాలు విధి అయ్యాయి. ఖుర్ఆన్ రెండో అధ్యాయంలో 183 నుంచి 187 దాకా వచనాలు చదివితే అసలు చట్టమంతా దాదాపు అక్కడే దొరుకుతుంది. ఎందుకో కూడా మొదటి వచనంలోనే ఉంది: మీకు ముందున్నవారికి విధించినట్టే మీకూ విధించాం, మీలో తఖ్వా కలగాలని. దేవుడు చూస్తున్నాడన్న ఎరుకతో తప్పుకు దూరంగా ఉండటమే తఖ్వా. కడుపు మాడ్చుకోండి, పుణ్యం వస్తుంది అన్న మాట అక్కడ లేదు.

ఇక మీ నీళ్ళ సంగతి. రోజాలో ఉన్నా నమాజుకు ముందు వుజూ చేసుకోవాలి, అంటే నీళ్ళతో శుద్ధి చేసుకోవాలి కదా. జుహర్ (మధ్యాహ్న నమాజ్) వేళకి నాలుక అంగిట్లో అతుక్కుపోయి ఉంటుంది. కుళాయి తిప్పి, దోసిట్లో చల్లటి నీళ్ళు పట్టి నోట్లో పోసుకుంటాం. నీళ్ళు చిగుళ్ళకు తగులుతాయి, నాలుక మీద తిరుగుతాయి, గొంతుకు బెత్తెడు దూరంలో ఉంటాయి. తలుపు వేసి ఉంది. పక్కన ఎవరూ లేరు. కొంచెం మింగినా అడిగేవాడు లేడు. పుక్కిలించి ఉమ్మేసి, మొహం కడుక్కుని వచ్చేస్తాం. నన్నడిగితే రోజా అంటే అదే. నమాజ్ చేస్తే నలుగురూ చూస్తారు, దానం చేస్తే పుచ్చుకున్నవాడికైనా తెలుస్తుంది. రోజా ఉన్నదీ లేనిదీ మనకూ దేవుడికీ తప్ప మూడో మనిషికి తెలిసే వీలు లేదు. అందుకే "రోజా నా కోసం, దాని ప్రతిఫలం నేనే ఇస్తాను" అని అల్లాహ్ అన్నట్టు హదీసు (ప్రవక్త మాటలు, చేతలు చెప్పే కథనం) ఉంది.

మీ సహోద్యోగి ఆ గుక్క తాగినా మీరేమీ అనుకునేవారు కాదు. ఆ సంగతి అతనికీ తెలుసు.

ప్రశ్నల_పుట్ట

గొడవ పెట్టుకోవడానికి అడగట్లేదు కానీ, పగలు తినేది రాత్రికి మార్చుకోవడమే కదా ఇది? నాకు తెలిసిన ఒకాయన రాత్రంతా మేలుకుని తింటాడు, సహరీ కాగానే దుప్పటి కప్పుకుని సాయంత్రం నాలుగింటికి లేస్తాడు. నెల తిరిగేసరికి ప్యాంటు బిగుతవుతుంది. ఇందులో నిగ్రహం ఎక్కడుందో కాస్త చెప్పండి.

నెలవంక

ప్రశ్నల_పుట్ట గారూ, ఆయన మా చుట్టాల్లోనూ ఉన్నాడు లెండి 😀 ఇంటికొకడు ఉంటాడు.

చట్టం లెక్కన ఆయన రోజా చెల్లుతుంది, కాదనలేం. కానీ మీరడిగిన మాట 14 వందల ఏళ్ళ కిందటే వచ్చింది. అబద్ధమాడటం, దాని ప్రకారం నడుచుకోవడం మాననివాడు అన్నపానాలు మానేస్తే అల్లాహ్‌కు దాంతో పనిలేదని ప్రవక్త (స) చెప్పారు. బుఖారీ అనే హదీసుల సంకలనంలో ఉంది ఇది. ఎంతోమంది రోజాదారులకు ఆకలి తప్ప ఇంకేమీ మిగలదని ఇంకో చోట ఉంది. ఎవరైనా తిట్టినా, కొట్లాటకు వచ్చినా తిరిగి తిట్టకుండా "నేను రోజాలో ఉన్నాను" అనమన్నారు. అంటే రోజా నోటికీ ఉంది, చెవికీ ఉంది, కంటికీ ఉంది. ఈ కాలంలో ఫోనుకు కూడా ఉండాలి. పొద్దున్నుంచీ మంచినీళ్ళు ముట్టకుండా ఫ్యామిలీ గ్రూపులో తోడికోడలి మీద చాడీలు రాసేవాళ్ళని చూస్తుంటాను, నవ్వాలో ఏడవాలో తెలియదు.

అన్నట్టు ఇంకొకటి. ఇఫ్తార్ పేరుతో వంటింట్లో జరిగే దాని గురించి ఎవరూ మాట్లాడరు. మగ్రిబ్‌కి రెండు గంటల ముందు నుంచి ఆడవాళ్ళు పొయ్యి దగ్గరే. వాళ్ళూ రోజాలోనే ఉంటారు. దువాలు (వేడుకోళ్ళు) అంగీకరించబడే వేళ అని మగవాళ్ళు చేతులెత్తి కూర్చుంటే, వంట చేసిన మనిషికి ఆఖరి నిమిషంలో ఖర్జూరం నోట్లో వేసుకునే తీరిక ఉండదు. ప్రవక్త (స) తాజా ఖర్జూరాలతో, అవి లేకపోతే ఎండు ఖర్జూరాలతో, అవీ లేకపోతే కొన్ని గుక్కల నీళ్ళతో విరమించేవారు. పద్నాలుగు రకాలు ఉండాలని ఎవరు చెప్పారు?

రాత్రి_డ్యూటీ

చివరి పేరాకి వంద లైకులు కొట్టాలని ఉంది నెలవంక అక్కా.

కొత్తగా_చేరా

చాలా థాంక్స్. మరి మేము ఎదురుగా తింటే?

మౌజన్_మనవడు

తినండి, ఏమీ కాదు. ప్రపంచమంతా మన కోసం నోరు కట్టుకోవాలంటే ఇక మనం చేసే నిగ్రహం ఏముంది? అతని కోసం డబ్బా పట్టుకుని దొంగచాటుగా మెట్ల మీదకు వెళ్ళి తిన్నారని తెలిస్తే అతనికే ఎక్కువ ఇబ్బంది. కాకపోతే సాయంత్రం అస్తమయం వేళకి పెద్ద మీటింగ్ పెట్టకుండా చూడగలిగితే అంతకంటే సాయం లేదు. వేళ కాగానే ఆలస్యం చేయకుండా విరమించడం సున్నత్, అంటే ప్రవక్త (స) పాటించి చూపిన పద్ధతి. ఒక ఖర్జూరం, గ్లాసు నీళ్ళు, పది నిమిషాలు మగ్రిబ్ నమాజ్. అంతే అడిగేది.

"పాపం, నీరసంగా ఉందా" అని గంటగంటకూ అడగకండి. అది మాత్రం చిరాకే!

తెల్లకోటు

నేను డాక్టర్‌ని. ముస్లింని కాదు, కానీ ఏటా రంజాన్‌కి ముందు ఈ ప్రశ్నలతో వచ్చే పేషెంట్లను చూస్తుంటాను కాబట్టి ఆరోగ్యం సంగతి నేను చెప్తాను.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు మామూలుగా ప్రమాదం లేదు. మొదటి రెండు మూడు రోజులు తలనొప్పి వస్తుంది, చాలామందికి అది ఆకలి వల్ల కాదు, కాఫీ టీలు ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల. నెల మొదలయ్యే వారం ముందు నుంచే కప్పులు తగ్గించుకుంటూ రండి. సహరీ మానేసి నిద్రపోవడం మంచిది కాదు. ఉప్పూ నూనే తక్కువగా, నెమ్మదిగా అరిగేవి తింటే మధ్యాహ్నం దాకా ఓపిక ఉంటుంది. నీళ్ళు ఇఫ్తార్ నుంచి సహరీ దాకా కొద్దికొద్దిగా తాగాలి. చివర్లో లీటరు నీళ్ళు గటగటా తాగితే ఒంట్లో నిలవదు, బాత్రూమ్‌కి పోతుంది.

అసలు చెప్పాల్సింది షుగర్ గురించి. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, సల్ఫొనైల్‌యూరియా రకం మాత్రలు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకండి. రెండు నెలల ముందే వస్తే మందుల మోతాదు, వేళలు మార్చి చూసుకునే వీలుంటుంది. సహరీ మానేసి పగటి మాత్ర అలాగే వేసుకోవడం, లేదా మందు మొత్తానికే ఆపేయడం, రెండూ ప్రమాదమే. పగలు షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విరమించాల్సిందే. కాళ్ళూచేతులూ వణకడం, చల్లటి చెమటలు, మాట తడబడటం కనిపిస్తే మీటర్ కోసం కూడా వెతకకండి, ముందు తీపి ఏదైనా నోట్లో వేసుకోండి.

ఒక పెద్దాయన గుర్తొస్తున్నారు. వేలు ముందుకు చాచి, నేను సూది దగ్గరికి తెచ్చేసరికి చటుక్కున వెనక్కి లాక్కున్నారు. నొప్పికి కాదు. రక్తం బొట్టు వస్తే రోజా పోతుందని. పోదని పక్కనున్న కొడుకు ఎంత చెప్పినా నమ్మలేదు. వాళ్ళ ఇమామ్‌తో ఫోన్లో మాట్లాడించాక వేలు మళ్ళీ చాచారు. రీడింగ్ 62. ఇలాంటి భయంతో చూసుకోకుండా ఉండేవాళ్ళు చాలామంది ఉంటారు, అందుకే చెప్తున్నా.

నియమం_నియమమే

డాక్టర్ గారిని గౌరవిస్తాను. కానీ ఈ మధ్య ప్రతిదానికీ మినహాయింపులే. కాస్త తలనొప్పి వస్తే రోజా వదిలేస్తారు, బస్సెక్కితే ప్రయాణం అంటారు. మా పెద్దలు ఎండలో పొలం పనులు చేస్తూ, జ్వరంతో కూడా రోజా వదల్లేదు. ఈమాన్ (విశ్వాసం) ఉండాలి కానీ అన్నీ సాధ్యమే.

మౌజన్_మనవడు

చాచా, మీ పెద్దల ఓపికకు సలాం. కానీ ఆ కొలబద్దతో అందర్నీ కొలిస్తే చిక్కు.

రోగి, ప్రయాణికుడు ఆ రోజాలు వేరే రోజుల్లో పూర్తిచేయొచ్చని 184, 185 వచనాల్లో రెండుసార్లు ఉంది. ఆ 185లోనే, అల్లాహ్ మీకు సౌలభ్యం కోరతాడు, కష్టం కోరడు అని కూడా ఉంది. హిజ్రీ 8లో, అంటే క్రీ.శ. 630లో ప్రవక్త (స) మక్కాకు బయలుదేరింది రంజాన్ నెలలోనే. దారిలో జనం రోజాతో అవస్థ పడుతున్నారని తెలిసి, అసర్ (సాయంకాలపు నమాజ్) తర్వాత నీళ్ళ పాత్ర తెప్పించుకుని, అందరూ చూసేలా పైకెత్తి తాగారు. అయినా కొందరు రోజా వదల్లేదని కబురొస్తే, వాళ్ళే అవిధేయులు అన్నారు. ఇంకో ప్రయాణంలో ఒకాయన సొమ్మసిల్లితే జనం చుట్టూ చేరి నీడ పట్టారు. ఏమైందని అడిగి, ప్రయాణంలో ఇలా రోజా ఉండటం పుణ్యమేమీ కాదన్నారు.

అలాగని ప్రయాణంలో ఉండగలిగినవాణ్ణి తప్పుబట్టలేదు కూడా. కలిసి వెళ్ళిన సహచరుల్లో కొందరు ఉండేవారు, కొందరు మానేవారు, ఒకరినొకరు వేలెత్తి చూపుకునేవారు కాదని హదీసు. మన దగ్గర లోపించింది ఆ చివరి ముక్కే.

ఇక ఎప్పటికీ నయం కాని జబ్బు ఉన్నవాళ్ళు, బాగా వయసు మీరినవాళ్ళు తర్వాత కూడా ఉండలేరు కాబట్టి, ఒక్కో రోజాకు ఒక్కో పేదవాడికి భోజనం పెట్టాలి. దాన్ని ఫిద్యా అంటారు. జబ్బు తగ్గేవాళ్ళకు ఫిద్యా కుదరదు, తర్వాత ఖజా రోజాలు, అంటే తప్పినవాటికి బదులు రోజాలు, ఉండాల్సిందే.

నియమం_నియమమే

మక్కా ప్రయాణం సంగతి నేనూ చదివాను. నేనన్నది సాకులు చెప్పేవాళ్ళ గురించి, నిజంగా జబ్బున్నవాళ్ళ గురించి కాదు.

నెలవంక

సాకో కాదో తేల్చడం మన పని కాదు కదా చాచా. పైన మనవడు రాసింది అదే, మూడో మనిషికి తెలియదని.

రాత్రి_డ్యూటీ

ఆ మాట పట్టుకుని నేనొకటి చెప్పాలి. నేను నర్స్‌ని. నెలసరి రోజుల్లో, పురిటి రోజుల్లో మాకు రోజా లేదు. ఉండకపోయినా ఫర్వాలేదు అన్నట్టు కాదు, ఉండకూడదు. ఆ రోజాలు లెక్కపెట్టుకుని తర్వాత పూర్తిచేయాలి. నమాజులు మాత్రం పూర్తిచేయనక్కర్లేదు, అది మాకిచ్చిన వెసులుబాటు. గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ తమకో బిడ్డకో హాని అనిపిస్తే వదిలే అనుమతి ఉంది. తర్వాత ఖజా ఉంటే సరిపోతుందా, ఫిద్యా కూడా ఇవ్వాలా అన్నదాంట్లో మజ్హబ్‌ల (ధర్మశాస్త్ర సంప్రదాయాల) మధ్య తేడా ఉంది.

ఇంత స్పష్టంగా ఉన్న విషయం ఇళ్ళల్లో మాత్రం గుట్టు. తమ్ముళ్ళ ముందు తినలేక, వంటగదిలో తలుపు వెనక నిలబడి రెండు ముద్దలు గబగబా మింగే ఆడపిల్లలు ఎంతమందో. ఇంట్లో మగపిల్లలకు ఒక్కసారి విడమరిచి చెబితే అయిపోయేదానికి ప్రతి ఏడూ ఈ దాగుడుమూతలు ఎందుకు? ఆఫీసుల్లో కూడా "ఏంటి, ఈరోజు రోజా లేదా?" అని అడిగేవాళ్ళుంటారు. కొత్తగా_చేరా గారూ, ఆ ఒక్క ప్రశ్న ఎవర్నీ అడక్కండి.

కొత్తగా_చేరా

అడగను మేడం. నిజంగా తెలియక అడిగేసేవాణ్ణేమో.

ఇంకో డౌట్. రంజాన్ ఒకసారి ఎండాకాలంలో, ఇంకోసారి చలికాలంలో వస్తుందేం?

లెక్కల_మాస్టారు

ఇది నా సబ్జెక్టు. ఇస్లామీ సంవత్సరం పూర్తిగా చంద్రుడిది. నెలకు సగటున 29.53 రోజులు, పన్నెండు నెలలకు 354 చిల్లర. సౌరమానం 365 చిల్లర. అందుకే ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. చాంద్రమానం వాడే పంచాంగాల్లో ఈ తేడా సరిచేయడానికి అధికమాసం కలుపుతారు. ఇస్లాంకు ముందు అరబ్బులు కూడా అలాంటి సర్దుబాట్లు చేసేవారు, ఖుర్ఆన్ 9వ అధ్యాయం 37వ వచనం దాన్ని నిషేధించింది. దాంతో నెలలకూ రుతువులకూ ముడి తెగిపోయింది. దాదాపు 33 ఏళ్ళలో రంజాన్ అన్ని రుతువులూ చుట్టి వస్తుంది.

ఇది నాకు బాగా నచ్చే విషయం. నెల ఒకేచోట ఆగి ఉంటే భూమధ్యరేఖకు ఒక పక్కన ఉన్నవాళ్ళు ఎప్పుడూ పొడుగు పగళ్ళు, ఇంకో పక్కన ఉన్నవాళ్ళు ఎప్పుడూ పొట్టి పగళ్ళు ఉపవసించేవారు. ఇలా తిరగడం వల్ల ఒక జీవితకాలంలో అందరి వాటా ఇంచుమించు సమానమవుతుంది. 2030లో ఒకే ఏడాది రెండు రంజాన్‌లు మొదలవుతాయి, జనవరి మొదట్లో ఒకటి, డిసెంబరు చివర్లో ఇంకొకటి.

ప్రశ్నల_పుట్ట

మాస్టారూ, ధ్రువాల దగ్గర సూర్యుడు అస్తమించని చోట ఏం చేస్తారు? నెలల తరబడి రోజానా?

లెక్కల_మాస్టారు

అక్కడ రోజు లెక్క కుదరదు కాబట్టి, పగలూ రాత్రీ విడివిడిగా తెలిసే దగ్గరలోని ఊరి వేళలు తీసుకోమని కొందరు పండితులు, మక్కా వేళలు తీసుకోమని ఇంకొందరు చెబుతారు. సూర్యుడు కాసేపైనా అస్తమించే చోట మాత్రం పగలు 18 గంటలున్నా అక్కడి పగలే లెక్క అన్నది ఎక్కువమంది మాట. భరించలేనివాళ్ళు విరమించి తర్వాత ఖజా ఉండొచ్చు.

పొడి_మాట

అదంతా సరే, ఒకే నెలవంకకి ఒక దేశంలో ఇవాళ, పక్క దేశంలో రేపు పండగ ఏంటి? ఉపగ్రహాలు ఉన్న రోజుల్లో కూడా!

మౌజన్_మనవడు

నెలవంక చూసి రోజాలు మొదలుపెట్టండి, చూసి ముగించండి, మబ్బు పడితే 30 పూర్తిచేయండి అన్నది ప్రవక్త (స) మాట. కంటితో చూడటమే అసలు అనేవాళ్ళున్నారు, ఖగోళ లెక్క చాలనేవాళ్ళున్నారు, ఒక చోట కనిపిస్తే లోకమంతటికీ వర్తిస్తుందనేవాళ్ళున్నారు, ఎవరి ఆకాశం వాళ్ళదే అనేవాళ్ళున్నారు. నాకైతే మా మసీదు ఏది ప్రకటిస్తే అదే. ఒకే ఇంట్లో అన్నకి పండగ, తమ్ముడికి రోజా అయ్యే కంటే అది నయం.

నియమం_నియమమే

లెక్క మీద ఆధారపడితే సున్నత్ ఏం కావాలి? కళ్ళున్నది ఎందుకు?

లెక్కల_మాస్టారు

నమాజ్ వేళలు గడియారం చూసే కదా చాచా చదువుతున్నాం? అప్పట్లో నీడ కొలిచేవాళ్ళు.

మోడరేటర్

నెలవంక చర్చ ప్రతి ఏడూ మూడొందల కామెంట్లకు వెళ్తుంది, చివరికి నేను లాక్ చేయాలి. ఇక్కడితో ఆపి అసలు విషయానికి రండి. ప్లీజ్.

వేపపుల్ల

నాదో చిన్న ప్రశ్న. బ్రష్ చేయొచ్చా? ఉమ్మి మింగితే? ఇంజెక్షన్? మరిచిపోయి ఏదైనా తినేస్తే?

నెలవంక

మరిచిపోయి తింటే రోజా పోదు. గుర్తొచ్చిన క్షణం ఆపేసి కొనసాగించడమే. అల్లాహ్ అతనికి తినిపించాడు, తాగించాడు అని హదీసు. ఉమ్మి మింగితే ఏమీ కాదు. దానంతట అదే వాంతి అయితే పోదు, కావాలని చేసుకుంటే పోతుంది. మిస్వాక్ (పళ్ళు తోముకునే పుల్ల) నిక్షేపంగా వాడొచ్చు. టూత్‌పేస్ట్ రుచి గొంతులోకి జారుతుందని చాలామంది వద్దంటారు, సహరీ అయ్యాకే తోముకుంటే తలనొప్పి లేదు. కండకో నరానికో ఇచ్చే మందు ఇంజెక్షన్‌తో పోదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం, ఒంటికి ఆహారంగా ఎక్కించే సెలైన్ లాంటివాటితో పోతుంది. ఇన్‌హేలర్ మీద భిన్నాభిప్రాయాలున్నాయి, ఆస్తమా ఉన్నవాళ్ళు తాము నమ్మే ఆలిమ్‌ని (మతపండితుణ్ణి) అడగండి. కానీ ఊపిరాడనప్పుడు వాడకుండా మాత్రం కూర్చోకండి.

కావాలని రోజా చెడగొట్టుకుంటే విషయం పెద్దది. ముఖ్యంగా రోజాలో భార్యాభర్తలు కలిస్తే కఫ్ఫారా (పరిహారం) పడుతుంది. దాని మీద ఒక హదీసు ఉంది, నాకు చాలా ఇష్టం. ఒకాయన ప్రవక్త (స) దగ్గరికి పరుగెత్తుకొచ్చి "నాశనమైపోయాను" అన్నాడట. ఏమైందంటే, రోజాలో భార్యతో కలిశానన్నాడు. ఒక బానిసకు స్వేచ్ఛ ఇవ్వగలవా? లేదు. వరసగా రెండు నెలలు రోజాలు ఉండగలవా? లేదు. అరవై మంది పేదలకు అన్నం పెట్టగలవా? అదీ లేదు. అంతలో ఎవరో బుట్టెడు ఖర్జూరాలు తెచ్చారు. ఇవి తీసుకెళ్ళి దానం చెయ్యి అన్నారు ప్రవక్త (స). "నాకంటే పేదవాడికా? ఈ మదీనాలో మా ఇంటికంటే లేనివాళ్ళు లేరు" అన్నాడాయన. ప్రవక్త (స) పళ్ళు కనిపించేలా నవ్వి, సరే, మీ ఇంట్లోవాళ్ళకే పెట్టు అన్నారు.

తప్పు చేసి వచ్చినవాడు బుట్టతో ఇంటికెళ్ళాడు! మతమంటే కళ్ళెర్ర చేయడమే అనుకునే మా బంధువులకి దీన్ని వినిపిస్తుంటాను.

పొడి_మాట

😂 బాగుంది. ఈ కథ ఎప్పుడూ వినలేదు.

మౌజన్_మనవడు

అక్క చెప్పింది విన్నాక ఇంకొకటి గుర్తొచ్చింది. మొదట్లో రూలు ఇంకా కఠినంగా ఉండేది. విరమించే వేళకి తినకుండా నిద్రపోతే, ఆ రాత్రీ మర్నాడూ ఇక తినకూడదు. ఖైస్ బిన్ సిర్మా అని ఒక అన్సారీ సహాబీ (మదీనాకు చెందిన ప్రవక్త సహచరుడు) పగలంతా పనిచేసి వచ్చారు. ఇంట్లో ఏమీ లేదు. భార్య ఏదైనా దొరుకుతుందేమో చూసొస్తానని వెళ్ళింది. ఆమె వచ్చేలోపు ఆయన కళ్ళు మూతలు పడ్డాయి. మర్నాడు మిట్టమధ్యాహ్నానికి స్పృహ తప్పి పడిపోయారు. అప్పుడు 187వ వచనం వచ్చింది: తెల్లవారుజాము వెలుగురేఖ చీకటిరేఖ నుంచి విడివడి కనిపించేదాకా తినండి, తాగండి. మనం రోజూ తినే సహరీకి ఆ అలసిపోయిన మనిషి కూడా ఒక కారణం.

కొత్తగా_చేరా

నెల చివరికొచ్చేసరికి మా వాడు రాత్రుళ్ళు మసీదులోనే ఉంటానంటున్నాడు, వారం పైన సెలవు పెట్టాడు. అదేంటి?

రాత్రి_డ్యూటీ

ఏతెకాఫ్. ఆఖరి పది రోజులు బయటి పనులన్నీ మానుకుని మసీదులో ఉండిపోవడం. ఖుర్ఆన్ మొదటిసారి అవతరించిన రాత్రి, లైలతుల్ ఖద్ర్, ఈ పది రోజుల బేసి రాత్రుల్లో ఉంటుందని నమ్ముతాం: 21, 23, 25, 27, 29. చాలామంది 27నే జరుపుకుంటారు కానీ ఫలానా రాత్రి అని ఖాయంగా చెప్పలేదు. అది వెయ్యి నెలల కంటే మేలైనదని ఖుర్ఆన్ 97వ అధ్యాయంలో ఉంది. ఆ రాత్రి దొరికితే ఏం వేడుకోవాలని ప్రవక్త (స) భార్య ఆయిషా (రజి) ఆయన్ని అడిగితే, "అల్లాహ్, నువ్వు మన్నించేవాడివి, మన్నించడం నీకిష్టం, నన్ను మన్నించు" అనమన్నారు. అంతే, ఒక్క వాక్యం. డ్యూటీలో ఉన్న రాత్రి వార్డులో నడుస్తూ కూడా చెప్పుకోవచ్చు, నేను చేసేది అదే.

నెలంతా ఇషా (రాత్రి నమాజ్) తర్వాత తరావీహ్ అనే రంజాన్ ప్రత్యేక నమాజులు కూడా ఉంటాయి. ఎక్కువ మసీదుల్లో నెల పూర్తయ్యేలోగా ఖుర్ఆన్ మొత్తం వినిపిస్తారు.

నియమం_నియమమే

తరావీహ్ 20 రకాతులు (నమాజ్‌లోని ఆవృతాలు). ఈమధ్య 8తోనే ఇంటికి పోతున్నారు.

మోడరేటర్

చాచా... 🙏

నెలవంక

జకాత్, ఫిత్రా గురించి ఎవరూ ఎత్తలేదేంటి? జకాత్‌ని రంజాన్‌లోనే ఇవ్వాలని లేదు. సుమారు 85 గ్రాముల బంగారం విలువకో 595 గ్రాముల వెండి విలువకో మించిన పొదుపు ఏడాది చేతిలో ఉంటే రెండున్నర శాతం ఇవ్వాలి, ఎప్పుడు ఏడాది నిండితే అప్పుడు. ఈ నెల పుణ్యం ఎక్కువని చాలామంది ఇప్పుడు ఇస్తారు. ఫిత్రా మాత్రం దీనికే సొంతం. ఇంట్లో ప్రతి తలకూ, నిన్న పుట్టిన పసివాడికి కూడా, ఒక సా ధాన్యం లేదా దాని విలువ. ఒక సా అంటే దాదాపు రెండున్నర నుంచి మూడు కిలోలు. నెలలో నోరు జారిన మాటలకు ప్రక్షాళన, పేదవాడికి పండగ పూట తిండి. ఈద్ నమాజ్‌కి ముందే చేరాలి. నమాజ్ అయ్యాక ఇస్తే మామూలు దానమే అవుతుంది. నన్నడిగితే రెండు రోజుల ముందే ఇచ్చేయండి. పండగ పొద్దున చేతిలో పెడితే వాళ్ళు ఎప్పుడు కొనుక్కుంటారు, ఎప్పుడు వండుకుంటారు?

కొత్తగా_చేరా

అందరికీ ధన్యవాదాలు. వాళ్ళింటికి ఇఫ్తార్‌కి పిలిచాడు. ఆ రోజు అతనితో పాటు నేనూ రోజా ఉందామనుకుంటున్నా, ఉండొచ్చా? ఏం తీసుకెళ్ళాలి?

మౌజన్_మనవడు

మీ ఇష్టం, ఎవరూ కాదనరు. రోజాదారునికి ఇఫ్తార్ చేయిస్తే అతనికి వచ్చినంత పుణ్యం తినిపించినవాడికీ వస్తుంది, మీరు రోజా ఉంటే మీ ఫ్రెండ్‌కి సంతోషం, ఉండకపోయినా పిలుపు పిలుపే. ఉంటే సహరీకి తప్పకుండా లేవండి. షుగర్, బీపీ మాత్రలుంటే తెల్లకోటు గారు రాసింది మళ్ళీ చదవండి.

అజాన్‌కి పది నిమిషాల ముందే వెళ్ళి కూర్చోండి. అందరూ ఖర్జూరం చేత్తో పట్టుకుని మౌనంగా ఉంటారు, దువా చేసుకునే సమయం అది, మీరూ మీకు తోచింది కోరుకోండి. తినగానే వాళ్ళు నమాజ్‌కి లేస్తారు, మీరు కంగారుపడి లేవనక్కర్లేదు. తీసుకెళ్ళడానికి ఖర్జూరాల పెట్టె చాలు.

ప్రశ్నల_పుట్ట

నాకూ ఎవరైనా పిలుపు పంపించండి, ప్రశ్నలు తగ్గిస్తాను.

కొత్తగా_చేరా

😀 ఆఖరి ప్రశ్న. పండగ రోజు కూడా రమ్మన్నాడు. ఆ రోజు కూడా ఉపవాసం ఉండి వెళ్ళాలా?

రాత్రి_డ్యూటీ

అయ్యో, వద్దు! ఈదుల్ ఫిత్ర్ రోజు రోజా ఉండటం మాకే నిషేధం. ఆ పొద్దున నమాజ్‌కి బయలుదేరే ముందే ఖర్జూరాలు తినడం సున్నత్, అదీ బేసి సంఖ్యలో. మళ్ళీ ఉండాలనుకునేవాళ్ళు రంజాన్ తర్వాత వచ్చే షవ్వాల్ నెలలో ఆరు ఐచ్ఛిక రోజాలు ఉంటారు, అవి పండగ మర్నాటి నుంచి. మీరు హాయిగా భోజనానికి వెళ్ళండి.